తోడల్లుడి లారీ

విన్సెంటుకి సైలస్ మీద ఉన్నది కోపం కాదు. కోపమైతే ఈ పదేళ్ళలో ఏదో ఒక క్రిస్మస్‌కి చల్లారి ఉండేది. అతనిది నికార్సైన అసూయ. ఆ సంగతి ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు గానీ, పొద్దున్నే అద్దం ముందు గడ్డం గీసుకునేటప్పుడు తనకి తాను ఒప్పుకునేవాడు.

తోడల్లుడి మీద అసూయ పడటానికి మనవాళ్ళకి పెద్ద కారణం అక్కర్లేదు. అత్తగారు ఒకడి పళ్ళెంలో మూలగ ఎముక వేసి రెండోవాడి పళ్ళెంలో మెడ ముక్క వేస్తే చాలు, ఆ మంట పిల్లల పెళ్ళిళ్ళ దాకా ఉంటుంది. విన్సెంటుకి మాత్రం అంతకంటే గట్టి కారణాలే ఉన్నాయి.

అతను గన్నవరంలో పశువైద్యం చదివాడు. నూజివీడు దగ్గర ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలో ఆరేళ్ళు పనిచేశాడు. అక్కడ అతను బండి దిగితే రైతులు బీడీలు దాచుకుని "డాక్టరుగారూ" అని లేచి నిలబడేవారు. భార్య రీటాకి నర్సు ఉద్యోగం వచ్చి న్యూజిలాండ్ చేరాక, ఇక్కడ పశువుల డాక్టరు అనిపించుకోవడానికి రాయాల్సిన పరీక్ష రెండుసార్లు రాశాడు, రెండుసార్లూ తప్పాడు. కొన్నాళ్ళు పాపకూర అనే ఊళ్ళో ఫ్లాటు, తర్వాత రీటా ఆస్పత్రి కోసం హామిల్టన్. అక్కడ మాంసం ఎగుమతి చేసే ఒక చిన్న కంపెనీలో కాగితాల పనికి కుదిరాడు. ఏ పెట్టె ఏ దేశం వెళ్తోందో దానికి తగ్గ సర్టిఫికెట్లు తయారుచేసి, ఇక్కడి ప్రభుత్వ పశువుల డాక్టరు ముందు పెడితే ఆవిడ సంతకం చేసేది. ఆవిడ వయసు ఇరవై ఏడు. విన్సెంటు ఆ సంతకం వంక చూసినప్పుడల్లా నోట్లో చేదు ఊరేది.

ఇక సైలస్ సంగతి. ఏలూరులో కేబుల్ టీవీ వైర్లు లాగేవాడు. ఇంటర్ రెండుసార్లు తప్పాడు. తప్పడంలో అల్లుళ్ళిద్దరూ సమానమే గానీ, ఆ మాట విన్సెంటు ముందు అనే ధైర్యం రీటాకి కూడా లేదు. రీటా చెల్లెలు షీనాకి ఇంగ్లండులో, కోవెంట్రీలో, నర్సు ఉద్యోగం వస్తే ఆవిడ వెనకాలే వెళ్ళాడు. ఒక పాత వ్యాను కొని, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పార్కింగులో తెలుగువాళ్ళకి మేకమాంసం అమ్మడం మొదలుపెట్టాడు. ఇప్పుడు సొంత షాపు, రెండు వ్యాన్లు, బిర్యానీ హోటళ్ళ ఆర్డర్లు. ఫోటోల్లో ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు. ఆ నవ్వు చూస్తే విన్సెంటుకి కళ్ళు కుట్టేవి.

అసలు బాధ ఇంకొకటుంది. ఆ వ్యాపారానికి మొదటి మాంసం వెళ్ళింది హామిల్టన్ నుంచే. తన తోడల్లుడు బ్రిటన్‌లో కొంటాడని చెప్పి, యజమాని బారీని ఒప్పించి, విన్సెంటే ఆ లైను తెరిపించాడు. కంపెనీలో అతనికంటూ ఒక టేబులు, ఒక కుర్చీ, కిటికీలోంచి పచ్చిక కనపడే మూల ఇచ్చారు. ఆ మూలని అందరూ బ్రిటన్ డెస్క్ అనేవారు. రెండేళ్ళు అక్కడ విన్సెంటు మాట చెల్లింది.

తర్వాత బ్రిటన్ యూరప్ కూటమిలోంచి బయటికి వచ్చింది. వచ్చేటప్పుడు అక్కడి నాయకులు రెండు మాటలు చెప్పారు. వ్యాపారుల దగ్గరికి వెళ్ళి, మీకు కాగితాల గోల ఉండదు, లారీలు ఎప్పటిలాగే నడుస్తాయి అన్నారు. జనం దగ్గరికి వెళ్ళి, ఇక సరిహద్దు మన చేతిలో ఉంటుంది, వచ్చే ప్రతి సరుకునీ ఆపి చూస్తాం అన్నారు. రెండూ ఒకే నోటితో చెప్పారు. సైలస్ మొదటి మాట విన్నాడు. విన్సెంటు రెండో మాట నమ్మాడు.

నమ్మాడంటే అలా ఇలా కాదు, నెత్తిన పెట్టుకున్నాడు. ఎందుకంటే సైలస్ అప్పటికే స్పెయిన్ నుంచి మాంసం తెప్పించడం మొదలుపెట్టాడు. "ఏమనుకోకండి అన్నయ్యా," అన్నాడు ఫోనులో, నిజంగానే నొచ్చుకుంటూ. "మీ దగ్గర్నుంచి ఓడలో ఆరువారాలు పడుతోంది. వాళ్ళది నాలుగు రోజుల్లో వచ్చేస్తోంది, గడ్డకట్టకుండా, ఫ్రెష్‌గా. పైగా ఒక్క కాగితం ముక్క అడగట్లేదు."

ఆ చివరి మాట విన్సెంటు గుండెల్లో దిగబడింది. కాగితం ముక్క అడగట్లేదా? విన్సెంటు బతుకే కాగితం. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, ఒక సర్టిఫికెట్ మీద డాక్టరు చేత పొరపాటున నల్లసిరాతో సంతకం చేయించాడు. అచ్చు నలుపులో ఉంటే సంతకం, ముద్ర వేరే రంగులో ఉండాలి, అసలేదో నకలేదో చూడగానే తెలియాలని రూలు. ఆ ఒక్క సంతకానికి అతని కంటైనరు బ్రిటన్ రేవులో పదకొండు రోజులు నిలబడింది. సరుకంతా పారబోశారు. ఆ పదకొండు రోజులూ విన్సెంటు అన్నం సరిగ్గా తినలేదు. అలాంటిది, పక్కింటి కూటమి వాడు ఈల వేసుకుంటూ లారీ తోలుకుపోతే ఎవడూ తలెత్తి చూడడా?

చూస్తారు, తేదీ ఇచ్చారు, అనుకున్నాడు. ఇచ్చారు కూడా. ఫలానా ఏప్రిల్ నుంచి యూరప్ మాంసానికీ చెకింగులు అన్నారు. విన్సెంటు ఫ్రిజ్ మీద క్యాలెండర్లో ఎర్రపెన్నుతో సున్నా చుట్టాడు. ఆదివారం ఫ్యామిలీ ప్రేయర్‌లో, అంటే హామిల్టన్‌లో సాయంత్రం, కోవెంట్రీలో ఉదయం జూమ్ కాల్ పెట్టుకుని చేసుకునే ప్రార్థనలో, ఆమెన్ అనగానే అడిగాడు. "ఏం సైలస్, ఏప్రిల్ నుంచి మీ లారీలు కూడా క్యూలో నిలబడాలంటగా?"

నిలబడలేదు. తేదీ వాయిదా వేశారు. మళ్ళీ సున్నా చుట్టాడు, మళ్ళీ వాయిదా. ఒక మంత్రి వచ్చి జనవరి అన్నాడు, ఇంకొకాయన జూలై అన్నాడు, మరొకాయన వచ్చి ఈ ఏడు అసలే లేదన్నాడు. ఐదుసార్లు విన్సెంటు తేదీ చెప్పడం, ఐదుసార్లు సైలస్ "అలాగా అన్నయ్యా, జాగ్రత్తగా ఉండాలైతే" అనడం, ఐదుసార్లు లారీ హాయిగా వెళ్ళిపోవడం. కోవెంట్రీలో షాపు పెద్దదవుతున్న కొద్దీ హామిల్టన్‌లో బ్రిటన్ డెస్క్ చిన్నదవుతూ వచ్చింది.

"ఆ మంత్రులకి మీరేమైనా ఓటేశారా? వాళ్ళ మాట పట్టుకుని ఇక్కడ కూర్చుని వేలాడుతున్నారు," అంది రీటా ఒకరోజు డ్యూటీకి వెళ్తూ, కారు తాళాలు వెతుక్కుంటూ.

"దేశం దేశమే చెప్పాక చెయ్యకుండా ఎలా ఉంటారు?" అన్నాడు విన్సెంటు.

"నేను మూడేళ్ళ నుంచి ఆ బాత్‌రూమ్ కుళాయి గురించి చెప్తున్నాను. చేశారా?" అని వెళ్ళిపోయింది.

చివరికి రెండు వేల ఇరవై నాలుగులో నిజంగానే కదలిక వచ్చింది. జనవరి నుంచి యూరప్ మాంసానికి సర్టిఫికెట్ ఉండాలన్నారు. ఏప్రిల్ ముప్ఫై నుంచి లారీ ఆపి, కాగితం చూసి, తలుపు తెరిచి చెక్ చేస్తామన్నారు. ఈసారి షెడ్లు కూడా కట్టారు, ఫోటోలు పేపర్లో వచ్చాయి. విన్సెంటు ఆ ఫోటోలని ఫోనులో దాచుకుని, రీటా చూడనప్పుడు పెద్దవి చేసి చూసుకునేవాడు.

అదే సమయానికి బారీ అతన్ని పిలిచాడు. బారీ మంచివాడే, కానీ మెత్తగా మాట్లాడితే మాత్రం భయపడాలి. ఆరోజు చాలా మెత్తగా మాట్లాడాడు. బ్రిటన్ లైను ఏడాదిగా నడవడం లేదు, ఇక గల్ఫ్ ఆర్డర్లే చూసుకుందాం, వాటి కాగితాలు ఆఫీసులో అమ్మాయి చేసేస్తుంది అన్నాడు. అంటే బ్రిటన్ డెస్క్‌తో పాటు విన్సెంటు కూడా అక్కర్లేదని.

"మే మొదటి వారం దాకా ఆగు బారీ," అన్నాడు విన్సెంటు. "ఏప్రిల్ ముప్ఫై తర్వాత యూరప్ సరుకు రేవులో ఇరుక్కుంటుంది. అక్కడి కొనేవాళ్ళకి మనం గుర్తొస్తాం. ముందుగా వచ్చేది నా తోడల్లుడే, చూడు."

బారీ బుర్ర గోక్కుని సరేనన్నాడు. కాబట్టి విన్సెంటు ఉద్యోగం ఇప్పుడు ఒక్కదాని మీద నిలబడి ఉంది. సైలస్ లారీ ఆగాలి. ఆగితే సైలస్ మళ్ళీ తన దగ్గరికి రావాలి. ఇది ఉద్యోగం కోసమేనని విన్సెంటు తనకి తాను చెప్పుకున్నాడు. అద్దం ముందు మాత్రం చెప్పుకోలేకపోయాడు.

ఆ రోజుల్లో అత్తగారు రాహేలమ్మ వాళ్ళింట్లోనే ఉంది. ఆవిడ ఏలూరు మిషన్ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయింది. ఏడాదిలో కొన్నాళ్ళు చిన్నకూతురి దగ్గర, కొన్నాళ్ళు పెద్దకూతురి దగ్గర ఉంటుంది. ఎక్కడ ఉంటే రెండో ఇంటి గురించి మాట్లాడటం ఆవిడ పద్ధతి. హామిల్టన్‌లో మే అంటే చలి మొదలయ్యే నెల, పొగమంచు కిటికీ దాకా వచ్చి కూర్చుంటే, ఆవిడ కాళ్ళ మీద దుప్పటి కప్పుకుని, "సైలస్ బాబు ఇల్లంతా హీటింగ్ పెట్టించాడమ్మా, బాత్‌రూమ్‌లో కూడా వెచ్చగా ఉంటుంది," అనేది. ఆవిడ మనసులో ఏ కల్మషమూ లేదు. పెద్దల్లుడి చెవులకి మాత్రం అది పుండు మీద కారం చల్లినట్టుండేది.

మే మొదటి బుధవారం సాయంత్రం, విన్సెంటు ఆఫీసు నుంచి కారులో వస్తుంటే ఫోను మోగింది. సైలస్. ఇంటి ముందు కారు ఆపి మాట్లాడాడు.

"అన్నయ్యా, వందనాలు. చిన్న హెల్ప్ కావాలి. నా లోడు ఇవాళ స్పెయిన్‌లో ఓడ ఎక్కుతోంది, రేపు ఇక్కడికి వస్తుంది, చెకింగులు మొదలయ్యాక ఇదే ఫస్టు. ఏంటంటే, శనివారం మా చర్చి కొత్త బిల్డింగ్ ప్రతిష్ఠ. మూడొందల మందికి భోజనాలు. మేకమాంసం మనదే. ఈ లోడు ఆగిపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. ఫ్రెష్ మీట్ కదా, నాలుగు రోజులు నిలబెడితే పారెయ్యాల్సిందే, షాపు కూడా కష్టమే. కాగితాలు ఫోటోలు తీసి పంపుతాను, ఒకసారి చూసి చెప్పండి. నాకు ఆ భాషే అర్థం కాదు. మీరు చూస్తే నాకు ధైర్యం."

"పంపు," అన్నాడు విన్సెంటు.

ఆరు ఫోటోలు వచ్చాయి. విన్సెంటు కారులోనే కూర్చుని ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాడు. జంతువు సరే. కోసిన చోటు నంబరు సరే. పెట్టెల లెక్క సరే, ఉష్ణోగ్రత సరే, సీలు నంబరు సరే. చివరి పేజీలో స్పెయిన్ డాక్టరు సంతకం, గుండ్రటి ముద్ర. రెండూ నలుపు. అచ్చు కూడా నలుపే.

అతని గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకుంది. భయంతో కాదు. పరీక్షలో తనకి బాగా వచ్చిన ప్రశ్నే పడినప్పుడు కొట్టుకున్నట్టు కొట్టుకుంది. పదకొండు రోజులు అన్నం తినకుండా నేర్చుకున్న సంగతి అది. ప్రపంచంలో ఇంకెవరూ పట్టుకోకపోయినా విన్సెంటు పట్టుకోగలడు. ఫోనులో "సంతకం నీలంసిరాతో మళ్ళీ వేయించు" అని టైపు చేశాడు. బొటనవేలు పంపే గుర్తు మీదే ఉంది.

అప్పుడు ఇంటి తలుపు తెరుచుకుని రాహేలమ్మ గుమ్మంలో నిలబడింది, శాలువా కప్పుకుని. "ఎవరు బాబూ, మా సైలసా? ఎలా ఉన్నాడు?" అని కేకేసింది. మా సైలస్. ఈ గుమ్మంలో నిలబడి, ఈ ఇంటి అన్నం తింటూ, మా సైలస్.

విన్సెంటు ఆ వాక్యం చెరిపేశాడు. "అన్నీ సరిగ్గానే ఉన్నాయి తమ్ముడూ. దేవుడు తోడుంటాడు," అని రాసి పంపేశాడు. దేవుణ్ణి ఎందుకు ఇరికించాడో అతనికే తెలియదు.

సైలస్ వెంటనే చేతులు జోడించిన బొమ్మలు నాలుగు పంపాడు.

మర్నాడు విన్సెంటు మామూలుగానే ఆఫీసుకి వెళ్ళాడు, మామూలుగానే వచ్చాడు. నేనేం చెయ్యలేదు, అనుకున్నాడు. సంతకం పెట్టింది స్పెయిన్ వాడు, ఆపేది బ్రిటన్ వాడు, మధ్యలో నేనెవరిని? ఇలా ఎంత చక్కగా అనుకున్నా, అన్నం తింటుంటే ముద్ద గొంతు దగ్గర ఆగుతోంది. మళ్ళీ అంతలోనే, ఆ కొత్త షెడ్డులో ఎవడో టార్చి పట్టుకుని ఆఖరి పేజీ తిరగేసి, సంతకం మీద వేలు పెట్టి తల అడ్డంగా ఊపుతున్నట్టు ఊహ వచ్చేది. అప్పుడు ముద్ద దిగేది.

శుక్రవారం రాహేలమ్మ ఉపవాసం ఉంది. "సైలస్ బాబు లారీ కోసం," అంది. "చెకింగంట, పాపం ఎంత టెన్షన్ పడుతున్నాడో. మీరూ ఒక మాట ప్రార్థన చెయ్యండి అల్లుడుగారూ." పొద్దున్న టీ కూడా ముట్టకుండా, దుప్పటి కప్పుకుని, కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ కూర్చుంది. ఎదురుగా విన్సెంటు టోస్టు తింటున్నాడు. ఒకే గదిలోంచి ఒక ముసలావిడ లారీ ఆగకూడదని, ఆవిడ అల్లుడు ఆగాలని, ఇద్దరూ ఒకే దేవుడికి చెప్పుకుంటున్నారు. విన్సెంటే ముందు లేచి, ప్లేటు సింకులో పడేసి బయటపడ్డాడు.

ఆ రోజంతా సైలస్ నుంచి కబురు లేదు. "చేరిందా?" అని విన్సెంటు పెట్టిన మెసేజికి రెండు టిక్కులు పడ్డాయి గానీ నీలం కాలేదు. రీటా ఫోన్ చేస్తే షీనా ఎత్తలేదు. మామూలుగా అయితే సైలస్ షాపులో కొత్త కత్తి కొన్నా ఫోటో పెడతాడు. అలాంటివాడు నోరు మెదపడం లేదంటే ఏమిటి అర్థం?

విన్సెంటుకి అర్థమైపోయింది. లారీ ఆగింది. ఎట్టకేలకు, ఐదు వాయిదాల తర్వాత, మంత్రులు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు. అతను కుర్చీలోంచి లేచి నేరుగా బారీ గదిలోకి వెళ్ళాడు.

"నా తోడల్లుడి లోడు రేవులో ఆగిపోయింది," అన్నాడు. ఆగిపోయి ఉంటుంది అనలేదు. "సోమవారానికి మనకి ఆర్డరు వస్తుంది."

బారీ కళ్ళద్దాల మీదుగా చూశాడు. "మంచిది. కానీ నువ్వు నవ్వుతున్నావేంటి? పాపం అతను మీవాడేగా?"

విన్సెంటు నవ్వుతున్న సంగతి అతనికి అప్పుడే తెలిసింది. మూతి మీద చెయ్యి పెట్టుకుని బయటికి వచ్చాడు. శనివారం కూడా కబురు లేదు. మూడొందల మంది ఖాళీ విస్తళ్ళ ముందు కూర్చున్నారనీ, సైలస్ తలొంచుకుని నిలబడ్డాడనీ ఊహించుకున్నాడు. అనుకున్నంత హాయిగా లేదు. అయినా ఆ ఊహ మానలేదు.

ఆదివారం సాయంత్రం ఏడింటికి రీటా లాప్‌టాప్ టీపాయ్ మీద పెట్టింది. రాహేలమ్మ పాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. విన్సెంటు ఓదార్పు మాటలు నాలుగు మనసులో సిద్ధం చేసుకుని, మొహం తగినంత విచారంగా పెట్టుకుని సోఫాలో కూర్చున్నాడు. తెర మీద కోవెంట్రీ వచ్చింది. షీనా పట్టుచీరలో ఉంది. పక్కన సైలస్, తెల్లచొక్కా, చెవుల దాకా నవ్వు.

"ప్రైజ్ ద లార్డ్ అత్తయ్యా! వందనాలు అన్నయ్యా, వదినా! రెండ్రోజులు ఫోన్ ఎత్తలేదని తిట్టుకోకండి. వంట దగ్గరే పడుకున్నాను. అదీకాక ఈ మాట మెసేజ్‌లో చెప్పకూడదు, ప్రార్థనలో సాక్ష్యంగానే చెప్పాలని షీనాతో అన్నాను."

విన్సెంటు మొహం మీద పెట్టుకున్న విచారం అక్కడే ఉండిపోయింది. దాన్ని ఏం చెయ్యాలో తెలియలేదు.

పాట అయింది. రాహేలమ్మ, "చెప్పు నాయనా నీ సాక్ష్యం," అంది.

"లారీ ఓడ దిగాక చెకింగ్ షెడ్డుకి పొమ్మన్నారంట అత్తయ్యా. మా డ్రైవరు వెళ్ళాడు. ఇంత పెద్ద షెడ్డు, కొత్త లైట్లు, కొత్త పెయింటు. లోపల చూసే మనిషి లేడు! గంటన్నర నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. అంతలో ఫోనుకి మెసేజ్ వచ్చింది, మీ లోడు క్లియర్, వెళ్ళొచ్చు అని. ఫైలు తెరవలేదు, తలుపు తియ్యలేదు. శనివారం మూడొందల మంది కడుపునిండా తిన్నారు, ఇంకా మిగిలింది కూడా."

"దేవునికి స్తోత్రం," అంది రాహేలమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. "దేవునికి స్తోత్రం," అంది రీటా. విన్సెంటు మనసులో లెక్కపెట్టుకున్నాడు. ఆరోసారి. ఆరోసారి కూడా. కిటికీ పక్క మూల, పచ్చిక, బారీ మెత్తటి గొంతు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి.

"అసలు సంగతి చెప్పలేదు," అన్నాడు సైలస్, కెమెరాకి దగ్గరగా జరిగి. "బుధవారం, అన్నయ్య ఓకే అని మెసేజ్ పెట్టాక, స్పెయిన్ ఏజెంట్ ఫోన్ చేశాడు. సంతకం రంగు మీద నాకు డౌటుగా ఉంది, డాక్టర్ చేత మళ్ళీ వేయించి పంపుతాను, ఒక రోజు లేటవుద్ది అన్నాడు. ఒక రోజు లేటయితే ప్రతిష్ఠ భోజనం పోయినట్టే కదా. నేనేమన్నానో తెలుసా? ఇదిగో, మా అన్నయ్య వెటర్నరీ డాక్టరు. ఆయన ప్రతి పేజీ చూశాడు. డాక్టరుగారు బాగుందన్నాక ఇంక నువ్వు నాకు చెప్పేదేంటి, బండి కదుపు అన్నాను. మా చర్చిలో కూడా మైకు పట్టుకుని చెప్పాను అన్నయ్యా, న్యూజిలాండ్‌లో మా డాక్టరుగారి మాట మీద ఈ భోజనం వచ్చిందని. అందరూ చప్పట్లు కొట్టారు."

తొమ్మిదేళ్ళయింది, విన్సెంటుని ఎవరైనా ఆ పేరుతో పిలిచి. ఇక్కడి వాళ్ళకి అతను కాగితాల మనిషి. రీటా స్నేహితులకి రీటా భర్త. ఆ పిలుపు కోసం అతను రెండుసార్లు పరీక్ష రాశాడు, ఎన్నో ఉదయాలు అద్దంలో తనని తాను తిట్టుకున్నాడు. అది ఇన్నాళ్ళూ కోవెంట్రీలో ఒక మాంసం షాపులో, కేబుల్ వైర్లు లాగినవాడి నోట్లో భద్రంగా ఉంది.

ఆ క్షణంలో విన్సెంటుకి సిగ్గు వెయ్యాలి. వేసింది కూడా. కానీ సిగ్గు కంటే ముందు వచ్చింది పాత అసూయే, ఇంతకు ముందెన్నడూ లేనంత వేడిగా. షాపు మీద కాదు, వ్యాన్ల మీద కాదు. ఒక మనిషి చెప్పిన మాటని అంత నిశ్చింతగా నమ్మి, బండి కదుపు అనగలిగిన ఆ మనసు మీద. అది తనకి ఏనాడూ లేదు, ఇకముందు రాదు.

"అల్లుడుగారు ముగింపు ప్రార్థన చేస్తారు," అంది రాహేలమ్మ, చెంగు తలమీదికి లాక్కుని. అందరూ తలలు వంచారు.

"పరిశుద్ధుడవైన తండ్రీ," అని మొదలుపెట్టాడు విన్సెంటు. "మా తమ్ముడి లారీని..."

అక్కడ ఆగిపోయాడు. కృతజ్ఞత చెప్పాల్సిన వాక్యం అది, నోటికి ఎప్పుడూ వచ్చే వాక్యమే. అది బయటికి రాలేదు. రీటా ఒక కన్ను తెరిచి చూసింది. చెప్పకుండా ఉండొచ్చు. ఎవరికీ తెలియదు, ఎప్పటికీ తెలియదు. కానీ ఆమెన్ అనేస్తే ఆ డాక్టరుగారూ అన్న పిలుపుని తను దొంగిలించినట్టవుతుంది. అది ఒక్కటీ దొంగసొత్తుగా అక్కర్లేదనిపించింది అతనికి.

"సైలస్," అన్నాడు. "ఆ ఏజెంట్ చెప్పింది నిజం."

తలలు లేచాయి.

"సంతకం నల్లసిరాతో ఉంది. ఉండకూడదు. మేము ఒకసారి అలాగే పంపితే పదకొండు రోజులు ఆపేసి సరుకంతా పారేయించారు. నువ్వు ఫోటో పంపిన నిమిషంలోనే చూశాను. నీకు చెప్దామని టైపు కూడా చేశాను. చెరిపేశాను. నీ లారీ ఆగితే నువ్వు మళ్ళీ నా దగ్గర కొంటావని, నా ఉద్యోగం నిలబడుతుందని." ఇంకా ఉంది, అది కూడా చెప్పాలి. "ఉద్యోగం కోసమొక్కటే కాదు. నిన్ను చూసి ఓర్వలేక."

"బావా..." అంది షీనా, అంతే. రాహేలమ్మ ఒళ్ళో పుస్తకం మూసేసింది. రీటా మొగుడి వంక చూడలేదు, లాప్‌టాప్ వంకే చూస్తూ కూర్చుంది.

సైలస్ నవ్వు వెంటనే పోలేదు. ఎవరో జోక్ చేస్తున్నారేమో అన్నట్టు కొద్దిసేపు మూతి మీద అలాగే నిలబడి, తర్వాత మెల్లగా దిగింది. అతను తిట్టలేదు. తిడతాడని విన్సెంటు ఎదురుచూశాడు, తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"అన్నయ్యా," అన్నాడు సైలస్ చివరికి. "మరి ఆ షెడ్డులో మనిషి ఉండుంటే?"

"ఉంటాడనే నమ్మాను," అన్నాడు విన్సెంటు.

సైలస్ తల ఊపాడు, అర్థమైందన్నట్టు. షీనా వంక ఒకసారి చూశాడు. తర్వాత చెయ్యి ముందుకు చాచి కాల్ కట్ చేశాడు. హామిల్టన్‌లో టీపాయ్ మీద, లాప్‌టాప్ తెరంతా నిండిపోయి, విన్సెంటు మొహం ఒక్కటే మిగిలింది.